గోడ మీద నూనె మరక

సుకుమార్ లప్పం రేకుతో గోడను గీకుతున్నాడు. ఆ చప్పుడుకు పళ్లు జివ్వుమంటున్నాయి. రేకు పైనుంచి కిందికి దిగిన ప్రతిసారీ బైబిలు వాక్యం అచ్చేసిన ఒక వాగ్దాన కార్డు చిరిగి నేల మీద పడుతోంది.

జనవరి ఒకటో తేదీన చర్చిలో పాస్టరు చేతి నుంచి కార్డు అందుకోవడం, ఇంటికి రాగానే రెండు మెతుకులు పిసికి దాన్ని ముందరి గది గోడకు అంటించడం మారెమ్మ అలవాటు. ఏడాదికి ఒకటి చొప్పున ముప్పై ఒక్క కార్డులు. ఇంటికి రంగులు వేయించినప్పుడు కూడా కార్డుల చుట్టూ వేయించింది గానీ వాటిని కదలనివ్వలేదు. భర్త శాంతయ్య పోయిన సంవత్సరానిది కూడా వాటిలో ఉంది. ఆ ఏడు వచ్చిన వాగ్దానం దీర్ఘాయువు గురించి. అయినా ఆమె దాన్ని తీసేయలేదు.

ఇప్పుడు కొడుకు తీసేస్తున్నాడు.

"తడిబట్ట అద్ది జరసేపు ఆగితే అవే ఊడొస్తయి," అంది అతని భార్య ఎస్తేర్. నేల మీద కూర్చుని ముక్కలు ఏరుతోంది. "అత్తమ్మ వచ్చి అడిగితే ఏం చెప్పాలె?"

సుకుమార్ సగం వెనక్కి తిరిగి, చేతి వెనక భాగంతో ఒక్కటి ఇచ్చాడు. ఎస్తేర్ కింది పెదవి చిట్లింది. ఆమె అరవలేదు, ఏడవలేదు. కొంగుతో నోరు అదుముకుని మళ్లీ ముక్కలు ఏరడంలో పడింది. అది మొదటి దెబ్బ కాదని ఆ ఏరే తీరు చూస్తేనే తెలుస్తుంది.

చేవెళ్ల నుంచి మొదటి బస్సుకు బయలుదేరిన కృపాజ్యోతి సరిగ్గా అప్పుడే గడప దాటింది. పనిముట్ల సంచి భుజం నుంచి దించకుండానే అన్న ముందుకు వచ్చి చెయ్యి చాపింది.

"ఆ రేకు ఇటియ్యి."

ఇచ్చాడు. ఇవ్వక ఏం చేస్తాడు, ఈ రోజు చెల్లెలితో పని పడింది మరి.

కృపాజ్యోతిది వాల్‌పేపర్ అంటించే పని. జన్వాడ ఫామ్‌హౌసుల్లో, దొంతన్‌పల్లి వైపు అపార్ట్‌మెంట్లలో ఏడేళ్లుగా చేస్తోంది. వెనక పొర ఒలిచి స్టిక్కర్‌లా అంటించే రకం ఆమె చేతిలో ఒక్క బుడగ లేకుండా కూర్చుంటుందని మేస్త్రీలు కూడా ఒప్పుకుంటారు. అంత పేరున్న చెల్లెలిని సుకుమార్ ఇన్నేళ్లలో ఒక్కసారీ తమ ఊరు ఎంకపల్లికి పిలిచి మన గోడ కూడా జర చూడు అనలేదు. నిన్న సాయంత్రం మాత్రం తానే ఫోన్ చేశాడు. రోల్స్ తెచ్చి పెట్టాను, పొద్దున్నే వచ్చి అంటించి పో అన్నాడు. అమ్మ ఇంటికి రాగానే చూసి సంతోషపడుతుందట.

అమ్మ గురువారం నుంచి మొయినాబాద్ దవాఖానలో ఉంది. బాత్రూములో జారిపడింది, నుదుటికి ఏడు కుట్లు పడ్డాయి. అలా అని సుకుమార్ చెప్పాడు, ఎస్తేర్ అవునంది, డాక్టరమ్మ రాసుకుంది. ఈ రోజు నాలుగు గంటలకు చర్చి సంఘ పెద్ద ప్రేమదాసు తన కారులో ఆమెను తీసుకొస్తున్నాడు. ఇంట్లో ప్రార్థన చేసి, రెండు మాటలు అడిగి పోతానని కబురు పెట్టాడు. ఆ రెండు మాటలేమిటో చెప్పలేదు. అప్పటి నుంచి సుకుమార్‌కు అన్నం సహించడం లేదు.

కృపాజ్యోతి వదినె మొహం చూసింది. ఎస్తేర్ చూపు తిప్పుకుంది. పెదవికి ఏమైందని అడిగే అవసరం లేదు, తన కళ్ల ముందే అయింది. సంచి దించి నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ తర్వాత టేపు తీసింది. పని మొదలుపెడితే అన్న చేతులు కొంచెం సేపైనా ఊరుకుంటాయని ఆమె ఆశ.

గోడ వెడల్పు మూడు చోట్ల కొలిచింది. కింద పది అడుగుల నాలుగంగుళాలు, నడుమ పది అడుగుల మూడు, పైన పది అడుగుల రెండు. ఎత్తు కూడా ఆ మూలకు ఒకటి, ఈ మూలకు ఒకటి. బాపు శాంతయ్య సొంత చేతులతో కట్టిన గోడ ఇది. పగలంతా ఊరివాళ్ల ఇళ్లు కట్టి, పొద్దు గూకాక లాంతరు పెట్టుకుని తన ఇల్లు కట్టుకున్నాడు. లాంతరు వెలుతురులో కట్టిన గోడ అంతకంటే నిటారుగా ఎలా వస్తుంది?

ఇలాంటి గోడకు మూలను నమ్మి మొదటి పట్టీ అంటిస్తే, చివరి పట్టీకి వచ్చేసరికి బొమ్మలన్నీ ఒరిగిపోతాయి. అందుకని పైన ఒక మేకు కొట్టి, దారానికి కట్టిన ఇత్తడి గుండును దానికి వేలాడదీసింది. అది ఊగడం ఆగాక దారం వెంబడి పెన్సిలు గీత గీసింది. ఆ గుండు కూడా బాపుదే. అడుగున్నర వెడల్పు పట్టీలు ఏడు కావాలి. ఒక్కోదానికి పైన రెండంగుళాలు, కింద రెండంగుళాలు ఎక్కువ వదలాలి. లెక్క గోడ మీదే పెన్సిలుతో రాసుకుంది. స్విచ్చుబోర్డు మూత విప్పింది.

"ఇంకెంతసేపు కొలుస్తవు?" అన్నాడు సుకుమార్. గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతున్నాడు.

ఆమె అరచేత్తో గోడంతా తడమడం మొదలుపెట్టింది. కంటికి కనపడని గుంట చేతికి తెలుస్తుంది. ఆ పలుచని కాగితం కింద కందిగింజంత గడ్డ ఉన్నా సాయంత్రం కిటికీ వెలుతురు పడగానే బయటపడి పరువు తీస్తుంది.

నాలుగో పట్టీ వచ్చే చోట ఆమె చెయ్యి ఆగింది.

అది అమ్మ నిలబడే చోటు. పిల్లల చిన్నతనంలోనే మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి, అప్పటి నుంచీ మారెమ్మ మోకరించదు. గోడ వైపు తిరిగి, నుదురు గోడకు ఆనించి, కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. తలకు కొబ్బరినూనె దండిగా పెట్టుకునే మనిషి. ఎన్నిసార్లు రంగు వేసినా ఏడాది తిరిగేసరికి అక్కడ అరచెయ్యంత నూనె మరక మళ్లీ తేలుతుంది. బొట్టు పెట్టుకోని ఆ ఇంట్లో, చిన్నప్పుడు అన్నాచెల్లెళ్లిద్దరూ ఆ మరకను అమ్మ బొట్టు అని ఎగతాళి చేసేవాళ్లు. అమ్మ కూడా నవ్వేది.

మరక నడుమ ఇప్పుడు తెల్లగా కొత్త లప్పం ఉంది.

"ఇది ఎవరు పెట్టిండ్రు?"

"నేనే. నిన్న పెట్టిన. మేకు ఊడి బొక్క పడ్డది."

బొటనవేలితో నొక్కింది. వేలు లోపలికి దిగింది. "పచ్చిగున్నది అన్నా. నూనె మీద పెట్టిన లప్పం ఆరినా నిలవది. ఇది గీకాలె."

"గీకుడు వద్దు. గట్లనే అంటించు."

"అంటదు. రేపటికి ఊడి కింద పడ్తది."

"రేపటి ముచ్చట నాకెందుకు? ఈ పూటకు నిలవడితే చాలు."

ఈ మాట ఇంకెవరన్నా అని ఉంటే కృపాజ్యోతి సంచి సర్దుకుని పోయేది. ఫామ్‌హౌస్ ఆసాములతో కూడా ఆమె ఈ విషయంలో రాజీ పడలేదు. అన్న మాటను పెడచెవిన పెట్టి రేకు మరక మీద పెట్టి ఒక్క తోపు తోసింది. పచ్చి లప్పం ముద్ద మొత్తంగా ఊడి వచ్చింది.

మేకు బొక్క కాదది. గిన్నె బోర్లించి నొక్కినట్టు గుండ్రని గుంట. బాపు చేతి పాత ప్లాస్టరు లోపలికి కుంగి, ఇటుక ఎర్రగా కనిపిస్తోంది. చుట్టూ సన్నని పగుళ్లు.

కృపాజ్యోతి టేపు కొస నేలకు ఆనించి గుంట దాకా లాగింది. ఎందుకు కొలిచిందో ఆమెకే తెలియదు, చేతులకు అది అలవాటు. నాలుగడుగుల ఏడంగుళాలు. బాత్రూములో జారిపడిన మనిషి నుదురు ముందరి గది గోడకు నాలుగడుగుల ఏడంగుళాల ఎత్తులో తగలదు. నిలబడి ఉన్న మనిషికి తగులుతుంది. మారెమ్మ అంత పొట్టి మనిషికి సరిగ్గా అక్కడే తగులుతుంది.

"అమ్మ బాత్రూముల పడలే," అంది. పెద్దగా అనలేదు.

ఎస్తేర్ ఏరుతున్న ముక్కలు చేతిలోనే ఆగిపోయాయి.

సుకుమార్ తన్నిన తన్నుకు, గోడ కడగడానికి పెట్టిన నీళ్ల బకెట్ ఎగిరి తలుపుకు తగిలింది. సబ్బునీళ్లు చిరిగిన కార్డుల మీదుగా పారాయి. కృపాజ్యోతి వెనక్కి తిరిగేలోపే ఆమె కొప్పు అతని పిడికిట్లో ఉంది. ఆమె మొహాన్ని గోడకేసి అదిమాడు.

ఆమె అమ్మకంటే పొడగరి. గుంట ఆమె గడ్డం దగ్గరికి వచ్చింది. కొబ్బరినూనె వాసన ముక్కుకు కొట్టింది. ఇటుక పొడి పెదవులకు అంటింది. అమ్మ ఇలాగే కళ్లు మూసుకుని నిలబడి ఉండగా వెనక నుంచి వచ్చిన చెయ్యి ఇదేనని ఆమెకు ఇంక ఎవరూ చెప్పనక్కర్లేదు.

"కొలుస్తున్నవా?" అతని గొంతు చెవి పక్కనే ఉంది. "నా ఇంట్లకొచ్చి నన్నే కొలుస్తున్నవా? ఇప్పుడు కొలువు."

రెండోసారి నుదురు గోడకు తగిలింది. కళ్ల ముందు తెల్లగా మెరిసింది. ఎస్తేర్ పరుగున వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది. ఆ మోచేత్తోనే విసిరేశాడు. ఆమె పక్కనున్న స్టూలు మీద పడి, స్టూలుతో సహా కూలింది. చెయ్యి ఒంటి కింద నలిగినట్టుంది, అప్పుడు మాత్రం అమ్మా అంది.

పక్కకు చాపిన కృపాజ్యోతి చేతికి గుండు దారం తగిలింది. దొరికినంత లాగింది. పైనున్న మేకు ఊడి ఇత్తడి గుండు కిందికి వచ్చింది. దారం పిడికిలికి చుట్టుకుని, చూడకుండానే బలమంతా పెట్టి వెనక్కి విసిరింది. ఎముకకు తగిలిన చప్పుడైంది. కొప్పు మీద పట్టు వదిలింది. గుండు ఆమె చేతి నుంచి జారి, దొర్లుకుంటూ పోయి తలుపు మూలన ఆగింది.

సుకుమార్ తడి నేల మీద కూలబడ్డాడు. కనుబొమ్మ చీలి రక్తం కంట్లోకి కారుతోంది. బయట చేవెళ్ల బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఆనాడు నేను మాట్లాడుతున్న," అన్నాడు చివరికి. గొంతు మారింది. "ఒక్క మాట వినమన్న. బాపు సమాధి లేపి చర్చి బొందలగడ్డల మంచిగ పెడ్తమన్న. ఆమె ఎస్ అనలే, నో అనలే. గోడ దిక్కు తిరిగింది. నేను మాట్లాడుతనే ఉన్న, ఆమె కండ్లు మూసుకున్నది. నేనేమన్న కుక్కనా? జర ఇటు తిరుగుమని నెట్టిన. గంతే."

ఊరి వెనక వాళ్ల అరెకరం చెలక భూమిలో శాంతయ్య సమాధి ఉంది. చుట్టుపక్కల చెలకలన్నీ కొన్న పట్నం ఆసామి కడుతున్న ప్రహరీ ఆ అరెకరం దగ్గర ఆగిపోయింది. సమాధి లేపితేనే ఆ ముక్క కొంటానన్నాడు. లేపిస్తానని సుకుమార్ మాట ఇచ్చి వచ్చాడు. మారెమ్మ మాత్రం సంతకం పెట్టలేదు. నెల రోజులుగా ఆ ఇంట్లో పొయ్యి మీద కూర కంటే ఈ గొడవే ఎక్కువ ఉడికింది.

"ఏడు కుట్లు పడ్డయి," అంది కృపాజ్యోతి. "దాన్ని జర నెట్టుడంటవా?"

అతను లేచాడు. తువ్వాలు కనుబొమ్మకు అదుముకున్నాడు. మళ్లీ పాత సుకుమార్ అయ్యాడు. చెప్పుకోదలిస్తే చెప్పుకో అన్నాడు. ఠాణాకే పో అన్నాడు. జైలుకు పోయిన మనిషి ఎన్నడో ఒకనాడు బయటికి రాకుండా ఉండడు గదా అని, ఆ మాట చెల్లెలితో కాకుండా భార్య వైపు చూస్తూ అన్నాడు. రక్తం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిపోయాడు.

కృపాజ్యోతి వదినె పక్కన కూర్చుని ఆమె చెయ్యి ఒడిలోకి తీసుకుంది. మణికట్టు అప్పటికే ఉబ్బుతోంది.

"అంటించు జ్యోతీ," అంది ఎస్తేర్. "నీ కాళ్లు మొక్కుత. పెద్దయ్య వచ్చే యాళ్లకు ఆ గుంట కనవడ్డదంటే ఈ రాత్రి నాకు తెల్లారది."

"నువ్వు చూసినవా వదినె?"

ఎస్తేర్ తడిసిన కార్డు ముక్కల్ని ఒక్కొక్కటి వేళ్లతో విడదీసి పొడి నేల మీద పరుస్తోంది.

"వంటింట్ల నుంచి చూసిన. రొట్టెల కర్ర చేతులనే ఉన్నది. ఆ కర్రతోని ఒక్కటి వేసినా అయిపోతుండె. అడుగు పడలే." ఇంకో ముక్క విడదీసింది. "దవాఖానల డాక్టరమ్మ నన్నే అడిగింది. బాత్రూమని నేనే చెప్పిన. అత్తమ్మ నా మొహం దిక్కు చూసి ఊకున్నది."

"పెద్దయ్యకు నిజం చెప్పు. చెప్పి నాతోని చేవెళ్లకు వచ్చెయ్యి."

"అత్తమ్మ నోరు తెరిస్తే నేనూ తెరుస్త. ఆమె తెరువది, ఎంతైనా కన్నకొడుకు. నేనొక్కదాన్నే చెప్తే మొగుని మీద పితూరీ చెప్పిన ఆడిదాన్ని అయిత. పెద్దయ్య ఒక గంట ఉండి పోతడు. ఆ ఎనుక ఈ ఇంట్ల నేనే ఉండాలె."

కృపాజ్యోతికి అన్న మీద వచ్చిన కోపం కంటే ఆ మాట మీద వచ్చిన కోపమే ఎక్కువ. కానీ ఆ మాట తప్పని ఎలా అంటుంది? గుంట తెరిచి ఉంచితే అమ్మకు న్యాయం జరుగుతుందో లేదో తెలియదు. వదినెకు దెబ్బలు పడడం మాత్రం ఖాయం. ఆమె చేసే పనే కంటికి నచ్చనివి కప్పడం. అమ్మ రక్తం కళ్లచూసిన చోటును కూడా కప్పాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

లేచి కొత్త బకెట్‌లో నీళ్లు పట్టింది.

గోడంతా సబ్బునీళ్లతో తుడిచి, పొడి బట్టతో ఒత్తి, ఫ్యాను పెట్టి ఆరబెట్టింది. సుకుమార్ తిరిగి వచ్చాక, చెప్పవలసింది ఒక్కసారి చెప్పింది. నూనె మరకను సోడా నీళ్లతో కడగాలి. గుంటలో లప్పం నింపి, ఆరాక సాండ్ పేపరుతో రుద్ది ప్రైమరు కొట్టాలి. రెండు రోజుల పని. లేకపోతే ఆ ఒక్క చోట కాగితం పట్టదు.

అతను వినిపించుకోలేదు. తానే లప్పం డబ్బా తెచ్చి గుంట నిండా పచ్చి ముద్ద కూరి, అరచేత్తో సాపు చేశాడు. అంటించు అన్నాడు.

అంటించింది. అరటాకుల బొమ్మ, పచ్చగా బాగానే ఉంది. మొదటి మూడు పట్టీలు గీత వెంబడి ఒక్క ముడత లేకుండా దిగాయి. నుదురు సలుపుతున్నా చేతులు తమ పని మరిచిపోలేదు. నాలుగో పట్టీ దగ్గర మాత్రం, ఎన్నిసార్లు గాలి బయటికి నెట్టినా నూనె మరక ఉన్న చోట బుడగ మళ్లీ మళ్లీ లేచింది. నొక్కితే అణిగేది, చెయ్యి తీస్తే లేచేది. సుకుమార్ పక్కనే నిలబడి చూస్తున్నాడు. దూరానికి కనపడదులే అన్నాడు. ఆమె ఐదో పట్టీకి వెళ్లిపోయింది.

మూడున్నరకు ఏడో పట్టీ అయింది. అంచులు కోసి, కట్టర్ కిటికీ గట్టు మీద పెట్టింది. ఎస్తేర్ నేల తుడిచి, కార్డు ముక్కలన్నీ ఒక రొట్టెల డబ్బాలో వేసి మూత పెట్టింది. సుకుమార్ కనుబొమ్మకు పట్టీ వేసుకుని చొక్కా మార్చుకున్నాడు.

నాలుగుంపావుకు కారు వచ్చింది.

ప్రేమదాసు కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి దిగిపోయిన మనిషి. స్తంభాలెక్కిన అలవాటు కొద్దీ ప్రతి అడుగూ చూసుకుని వేస్తాడు. మారెమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా గడప దాటించాడు. నాలుగు రోజుల్లో ఆమె ఇంకా చిన్నదైపోయింది. తల చుట్టూ తెల్లటి కట్టు, దాని కింద రెండు కళ్లూ నల్లగా కమిలి ఉన్నాయి.

పెద్దాయన ముందు సుకుమార్ కనుబొమ్మ చూశాడు. తర్వాత ఎస్తేర్ పెదవి, చేతికి చుట్టిన గుడ్డ చూశాడు. చివరికి కృపాజ్యోతి నుదుటి మీద లేచిన బొప్పి చూశాడు.

"ఈ ఇంట్ల అందరు జారిపడ్డట్టున్నరు," అన్నాడు.

స్టూలు విరిగింది, పని తొందరలో ఒకరి మీద ఒకరు పడ్డారు అని సుకుమార్ గబగబా చెప్పాడు.

మారెమ్మ గోడ వైపు చూస్తోంది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఆకులే. ఆమె కార్డులు లేవు. ఎస్తేర్ దగ్గరికి వచ్చి, దాచిపెట్టాను అత్తమ్మా అని మెల్లగా చెప్పింది. చిరిగాయని చెప్పలేదు.

మారెమ్మ గోడ దగ్గరికి నడిచింది. అరచెయ్యి ఆకుల మీద పెట్టి, పక్కకు జరుపుకుంటూ పోయింది. తన చోటు రాగానే చెయ్యి ఆగింది. బుడగ ఆమె వేళ్ల కింద అణిగి మళ్లీ లేచింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

ప్రేమదాసు కుర్చీలో కూర్చుని అడగవలసిన మాట అడిగాడు. "అక్కా, డాక్టరమ్మ నన్ను రెండుసార్లు పిలిచి అడిగింది. అందుకే అడుగుతున్న. నువ్వు యాడ పడ్డవు?"

ఆమె వేళ్లు నుదుటి కట్టు మీదికి పోయాయి.

"బాత్రూముల, తమ్మీ," అంది మారెమ్మ.

సుకుమార్ బరువుగా ఊపిరి వదిలాడు. ఎస్తేర్ తల దించుకుంది. ఏడు పట్టీలు అంటించిన తన చేతుల్ని చూసుకుంటే కృపాజ్యోతికి రోత పుట్టింది. అమ్మ కూడా ఆ మాటతో ఒక పట్టీ అంటించింది.

ప్రేమదాసు ఇంకేమీ అడగలేదు. ప్రార్థన చేసుకుందాం అని లేచాడు. అందరూ నిలబడి కళ్లు మూసుకున్నారు. ఆయన తండ్రీ అని మొదలుపెట్టి, ఎందుకో ఆగిపోయాడు. కృపాజ్యోతి కళ్లు తెరిచింది.

అమ్మ తన చోటులోనే నిలబడి ఉంది. కానీ నుదురు గోడకు ఆనించలేదు, వీపు ఆనించింది. మొహం గదిలోకి ఉంది. కమిలిన కళ్లు రెండూ తెరిచే ఉన్నాయి.

"అక్కా," అన్నాడు ప్రేమదాసు, "నువ్వెప్పుడు గోడ దిక్కు తిరిగి చేస్తవు గద?"

"ఇగ తిరుగ."

"ఎందుకక్కా?"

మారెమ్మ చూపు కొడుకు మీదే ఉంది. ఆ చూపులో కోపం లేదు. వీధిలో కొత్త కుక్క ఎదురైతే దాని మీద నుంచి కన్ను తీయకుండా నడుస్తామే, అలా చూస్తోంది.

"వెనుక నుంచి వచ్చెటోడు కనవడడు తమ్మీ."

ముందు తేరుకున్నది సుకుమారే. కుట్లు పడ్డప్పటి నుంచి అమ్మ ఇలాగే తిక్క తిక్కగా మాట్లాడుతోందని, మందుల మత్తు దిగలేదని, పడుకోబెడితే సర్దుకుంటుందని నవ్వబోతూ చెప్పాడు. ప్రేమదాసు అతని వైపు చూడలేదు. మారెమ్మ ఎంతవరకు చెప్పదలిచిందో అంతవరకు చెప్పింది.

అప్పుడు ఎస్తేర్ కిటికీ దగ్గరికి నడిచి కట్టర్ తీసుకుంది.

బ్లేడు బయటికి జరిపిన చప్పుడుకు సుకుమార్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ ఒక్క అడుగు చూడటానికి ఎస్తేర్ ఎన్నేళ్లు కాచుకుందో గానీ, ఇప్పుడు దాన్ని చూడను కూడా చూడలేదు. అతని పక్క నుంచి దాటి గోడ దగ్గరికి వెళ్లింది.

"అత్తమ్మా, జర పక్కకు జరుగు."

మారెమ్మ కోడలి మొహం చూసింది. జరిగింది.

ఎస్తేర్ నాలుగో పట్టీకి అడ్డంగా ఒక గాటు పెట్టింది. వాచిన చేత్తోనే అంచు పట్టుకుని కిందికి లాగింది. కాగితం మొరాయించలేదు. నూనె మీద అది అసలు అంటనే లేదు. పచ్చి లప్పం ముద్ద దాని వెనకే ఊడి నేల మీద చప్పున పడింది. గోధుమ రంగు మరక, దాని నడుమ ఇటుక కనిపించే గుంట అందరి ముందుకూ వచ్చాయి.

"బాత్రూము గాదు పెద్దయ్యా," అంది. గుంటలో వేలు పెట్టింది. "ఈడ. ఆమె ప్రార్థన చేసుకుంటుండె. ఎనుక నుంచి తల పట్టి కొట్టిండు. నేను చూసిన. డాక్టరమ్మకు అబద్ధం చెప్పింది కూడ నేనే."

ప్రేమదాసు దగ్గరికి వచ్చాడు. గుంట వైపు ఒకసారి, పక్కనే నిలబడ్డ మారెమ్మ కట్టు వైపు ఒకసారి చూశాడు. రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఆయనకు టేపు అవసరం పడలేదు. జేబులోంచి ఫోన్ తీసి కళ్లద్దాల కోసం తడుముకున్నాడు.

సుకుమార్ తలుపు వైపు నడిచాడు. పారిపోతున్నాడనుకుంది కృపాజ్యోతి. పోతే పోనీ అని కూడా అనుకుంది.

గడప దగ్గర అతను ఆగాడు. వీధిలోకి అటూ ఇటూ చూశాడు. తలుపు రెక్కలు రెండూ దగ్గరికి లాగి, లోపలి నుంచి గొళ్లెం పెట్టాడు. తర్వాత వంగి, పొద్దున ఆ మూలకు దొర్లిపోయిన ఇత్తడి గుండును చేతిలోకి తీసుకున్నాడు.